చెరువునకు యజమాని యెవరు?

కడపజిల్లాలోని పోరుమామిళ్ల చెరువును గూర్చి క్రీ. శ. 1369 నాటి శాసన మొకటి గలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలును, నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినపిమ్మటగాని ఆ కార్యము ముగియలేదని శాసనము చెప్పుచున్నది. అంతటితో నూరకుండక, మంచి చెరువునకు వలసిన పండ్రెండు సాధనములను, చెరువును చెరచు ఆరు దోషములను గూడ అందు చెక్కించిరి. కట్టలో నీరు ఊరుట, చవిటినేల, నడుమ మిట్ట యుండుట మున్నగునవి యెవరికైనను తోచు దోషములే. కాని వానిలో నొకటి మమ్ము మిక్కిలి ఆలోచింపజేయుచున్నది. చెరువు రెండు రాజ్యముల సరిహద్దున నుండుటయే ఆ దోషము.

రాజ్యములు పోయినవి, సరిహద్దులు పోలేదు. నేడు మన చిన్నపట్టణములలోని చెరువును చూడుడు. గర్భములోని భూమి లెక్క రెవిన్యూవారిది. కట్టయు, తూమును, అలుగును నీటిపారుదలవారివి. అందులోనికి వచ్చిపడు మురుగు మునిసిపాలిటీది. చుట్టునున్న బోరులు ఎవరి పెరటిలోనివి వారివి. కట్ట తెగిన నొకరిని, నీరు కంపుకొట్టిన నొకరిని అడుగవలెను. చెరువంతయు మాదియని చెప్పు వారొక్కరును లేరు. ఇద్దరిదైన చెరువే దోషయుక్తమని పూర్వులు తలంచిరి. నలుగురిదైన చెరువు గతి యేమగును?

చెరువు ఆయకట్టునకు మాత్రమే యుపయోగపడునని తలంచుట పొరపాటు. రాయలసీమలోను తెలంగాణములోను పెక్కుభాగము గట్టిరాతి నేల. అచట భూగర్భజలము పైనున్న మెత్తని పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నిలుచును. నిండిన చెరువు ఆ పగుళ్లకు నీరందించును. ఎండిన చెరువు క్రింది బావులును ఎండును. అప్పుడు కలిగినవాడు మరింత లోతునకు బోరు వేయించును. లేనివాడు ట్యాంకరుకొరకు బిందెతో నిలుచును. కావున చెరువు పాడగుట పేదవానిపై విధింపబడిన పన్నువంటిది.

చట్టములు లేకపోలేదు. 1997 నాటి చట్టము రైతులకు నీటి సంఘముల నొసగినది. కాని అందు ఆయకట్టుదారులకేగాని, అదే చెరువువలన బావిలో నీరు పొందు పట్టణస్థునకు మాట లేదు. 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము ప్రజల త్రాగునీటి వసతికి 250 మీటర్ల లోపల క్రొత్తబావి త్రవ్వుటను అరికట్టినది. చట్టము కాగితముపై నున్నది, కొలబద్ద పట్టువాడేడీ?

ప్రజలు కొలబద్ద పట్టగలరని ఋజువైనది. ఈ శతాబ్దపు మొదటి దశకమున అనంతపురము, నల్లగొండ, పాలమూరు మున్నగు ఏడు కరవుజిల్లాలలో రైతులు వానను, బావులలోని నీటిమట్టమును తామే కొలిచి, ఉన్న నీటికి తగిన పైరును నిర్ణయించుకొనిరి. అక్షరజ్ఞానము కొంచెమైనవారును ఆ లెక్క నేర్చిరి. పల్లెలు చేసినపని పట్టణములు చేయలేవా?

మేము కోరునది స్వల్పము. ప్రతి పట్టణమునందును చెరువున కొక్కటే సంఘ ముండవలెను. అందు ఆయకట్టు రైతులును, బెస్తలును, చాకలివారును, వార్డుల స్త్రీపురుషులును సభ్యులు కావలెను. నాలుగు శాఖలును దానికే జవాబు చెప్పవలెను. పూర్తి నీటిమట్టమునకు హద్దురాళ్లు నాటవలెను. ఇది ఇండ్లు లేచినపిమ్మట కాదు, స్థలములు అమ్ముడుపోకమున్నే జరుగవలెను. లేనిచో స్థలమమ్మినవాడు తప్పించుకొనును, కొన్న పేదవాని గుడిసె కూలును. నీరుతెచ్చు వాగులను పూడ్చనీయరాదు. వాగు పోయిన చెరువు తలలేని మొండెము. మురుగును శుద్ధిచేయక అందు వదలరాదు. వేసవిలో పూడిక తీసి, ఆ యొండ్రును పొలములకు తోలవలెను. పక్షమున కొకమారు బావుల మట్టమును కొలిచి బజారులో పలకపై వ్రాయవలెను.

ఆనాటి శాసనము తన పండ్రెండు సాధనములలో రాజును మొదట నిలిపినది. నేటి రాజు ప్రజయే. ఆ స్థానము ఖాళీగా నున్నంతకాలము తక్కిన పదునొకండును వ్యర్థములు. తొలకరికి ముందే మన పురజనులు ఆ స్థానము నలంకరింతురుగాక యని మా విన్నపము.