ప్రవేశ మొక్కటియే చాలదు
40 శాతమునకు తక్కువ కాని వైకల్యముగల 6 మొదలు 18 ఏండ్ల బాలబాలికలకు, కోరుకొన్న పొరుగుబడిలోనో ప్రత్యేక పాఠశాలలోనో ఉచితముగా చదువుకొను హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రసాదించినది. కాని హాజరుపట్టీలో పేరెక్కినంతమాత్రమున విద్య లభించినట్లు కాదు. నల్లబల్లపై వ్రాయు ప్రతి మాటను బిగ్గరగా పలుకుచు వ్రాయు ఉపాధ్యాయుని వలన చూపులేని బాలుడును, పిల్లల వైపు మొగము త్రిప్పి స్పష్టముగా మాటలాడు ఉపాధ్యాయుని వలన వినికిడి కొరవడిన బాలికయు, పాఠమును చిన్నచిన్న భాగములుగా విభజించి ఓర్పుతో మరల మరల బోధించు ఉపాధ్యాయుని వలన మెల్లగా గ్రహించు శిశువును మేలు పొందుటయే కాక, తక్కిన తరగతి యంతయు మేలు పొందును. ఇట్లు బోధించు బాధ్యతనంతటిని అప్పుడప్పుడు వచ్చిపోవు ప్రత్యేకోపాధ్యాయునిపై మోపుట న్యాయము కాదు. ఇట్టి బోధనాపద్ధతులు ఉపాధ్యాయశిక్షణలో ఐచ్ఛికములుగా గాక, ప్రతివారును తప్పక అభ్యసింపవలసిన ప్రధానాంశములు కావలెను, ఏలయన వైకల్యముగల బిడ్డ మొట్టమొదట తన తరగతి యుపాధ్యాయునకే శిష్యుడు.