పచ్చడికి లేని బడ్జెట్టు సేమ్యాకెందుకు?

2025లో ఉగాది, రంజాన్ పక్కపక్క రోజుల్లో వచ్చాయి. మార్చి 30 ఆదివారం ఉగాది. ఆ సాయంత్రం నెలవంక కనిపించడంతో 31 సోమవారం పండుగ. దానికి మూడు వారాల ముందు బందరులో మా నెలవారీ సమావేశంలో ఒక చిన్న సంగతి జరిగింది. చిన్నదేనని అప్పట్లో అనుకున్నాను. ఈ సంచికకి సంపాదకీయం రాద్దామని కూర్చున్న ప్రతిసారీ అదే ముందుకు వస్తోంది.

ఎజెండాలో రెండు పండుగలూ ఉన్నాయి. ఉగాది పచ్చడి సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. వేపపువ్వు గుడివాడ వాళ్ళు తెస్తారు, బెల్లం, చింతపండు చిల్లర ఖర్చుల కింద రాస్తారు. ఈసారి రంజాన్ కూడా ఆఫీసులో జరుపుకుందామా అన్నదాని మీద మాత్రం గంటన్నర చర్చ. ప్రాజెక్టు డబ్బులో పండుగలకి పద్దు లేదన్నారు. ఒకరికి చేస్తే అందరికీ చెయ్యాలన్నారు. లౌకిక సంస్థలో మత కార్యక్రమాలేమిటని కూడా ఒకరు అడిగారు. అడిగింది మా పాత కార్యకర్తే, నాకు గౌరవం ఉన్న మనిషే. మా కుట్టు కేంద్రం బాధ్యురాలు అంతసేపూ మూల కూర్చుని వింటూ ఉంది. చివరికి, "పచ్చడికి లేని బడ్జెట్టు మా సేమ్యాకెందుకొచ్చిందక్కా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏళ్ళ తరబడి దసరాకి ఆ కేంద్రంలోని మిషన్లకి పసుపు, కుంకుమ పెడుతున్నాం. కొబ్బరికాయ కొడుతున్నాం. అది మతం అని మాలో ఎవరికీ తట్టలేదు. పెద్ద సంఖ్యలో ఉన్నవాళ్ళ మతం అలవాటు పేరుతో ఎంత సులువుగా చెలామణీ అవుతుందో పత్రికలో ఎన్నోసార్లు రాశాం. మన చిల్లర ఖర్చుల పుస్తకం తిరగేసి చూసుకోవాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

బందరులో ఇలా జరగడం మరీ చిత్రం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది పెద్ద రేవు. పారశీక వర్తకులు ఇక్కడి నుంచే సరుకు ఎగుమతి చేశారు. పెడనలో ఈనాటికీ అచ్చువేసే కలంకారీ పూలల్లో, లతల్లో ఆ అభిరుచి కనిపిస్తుంది. ఆ గుడ్డతోనే మా కేంద్రంలో సంచులు కుడతాం. చిలకలపూడి పేరుతో దేశమంతా అమ్ముడయ్యే రోల్డుగోల్డు నగలకి ఇంట్లో కూర్చుని గొలుసులు అల్లే, రాళ్ళు అతికే ఆడవాళ్ళలో ముస్లిం స్త్రీలూ ఉన్నారు. వాళ్ళ చేతి పని వీధి వీధికీ చేరింది. వాళ్ళ పండుగ మా ఆఫీసు గడప దాటడానికి చర్చ కావలసి వచ్చింది.

మా దగ్గర ముస్లింలు ఎంతమంది అని లెక్క వేస్తే ఇంకో పొరపాటు బయటపడింది. పేర్లు చూసి జాబితా రాశారు. దివిసీమ నుంచి వచ్చే ఒక కార్యకర్త పేరు అందులో లేదు. ఆమె నూర్‌బాషా. పేరు తెలుగు పేరు, ఇంట్లో మాట్లాడేది తెలుగు, కట్టుబొట్టూ మనందరిలాగే. "వాళ్ళు మమ్మల్ని పూర్తిగా లెక్కవెయ్యరు, మీరూ వెయ్యలేదు" అని నవ్వేసింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

అసలు మేము ఈ ప్రయత్నం చెయ్యడం అది మొదటిసారి కాదు. 2023లో పండుగ మర్నాడు బిర్యానీ వండి తెమ్మని ముస్లిం సహోద్యోగులనే అడిగాం. అభిమానంతోనే అడిగామని మా నమ్మకం. అప్పుడొకామె మొహం మీదే చెప్పింది. "నెలంతా తెల్లవారుజామున మూడింటికి లేచి సహరీ వండాం అక్కా. సాయంత్రం ఇఫ్తార్‌కి వండాం. పండుగనాడు పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే. మళ్ళీ మీకు కూడా మేమేనా?" ఇంటి చాకిరీ గురించి పోస్టర్లు వేసేది మేమే!

అందుకని 2025లో ముందుగా ఒక నియమం పెట్టుకున్నాం. పండుగ ఎవరిదో వాళ్ళు వండరు. ఇఫ్తార్ ఆలోచన కూడా మానుకున్నాం. పొద్దు గుంకాక మొదలుపెడితే నాగాయలంక, అవనిగడ్డ వైపు వాళ్ళు చల్లపల్లి మీదుగా ఎప్పుడు ఇల్లు చేరతారు? ఏప్రిల్ 5 శనివారం మధ్యాహ్నం అనుకున్నాం. మర్నాడు శ్రీరామనవమి కాబట్టి పానకం, వడపప్పు కూడా పెడితే సర్వమత సమ్మేళనంలా ఉంటుందని ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఉగాదినాడు పచ్చడి పక్కన సేమ్యా పెట్టాలని ఎవరూ అనలేదుగా. ఒక పండుగని దాని పేరుతోనే ఒక్కరోజు ఉండనివ్వడానికి మనకెందుకంత కష్టం?

ఖర్చు వివరాలు అడిగిన సంస్థలు ఉన్నాయి కనుక రాస్తున్నాను. ఫ్లెక్సీ లేదు, షామియానా లేదు, ముఖ్య అతిథి లేరు. బందరు లడ్డు తెప్పిద్దామన్న ఆశ ధర వినగానే పోయింది. జీతగాళ్ళు 14 మంది తలా 100, క్షేత్ర కార్యకర్తలు 12 మంది తలా 50 రూపాయలు వేశారు. కుట్టు కేంద్రం వాళ్ళు వెయ్యక్కర్లేదన్నాం. వాళ్ళు వినలేదు, 16 మందీ తలా 10 వేశారు. మొత్తం 2,160. పాలు 8 లీటర్లు, సేమ్యా, పంచదార, నెయ్యి, ఖర్జూరం, జీడిపప్పు, బాదం, సారపప్పు, పుచ్చకాయలు, అరటిపళ్ళు కలిపి 2,000 అయింది. షీర్ ఖుర్మా మా అకౌంటెంటు, డ్రైవరు కలిసి వండారు. పాలు కాస్త అడుగంటాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఇద్దరు మాత్రం శనివారం అని గిన్నె ముట్టుకోలేదు. పాలకీ సేమ్యాకీ శనివారం ఏం అడ్డో నాకు తెలియలేదు. అడగలేదు. అడగాల్సింది.

బీద కుటుంబాలకి చీరలు పంచుదామన్న సూచన కూడా వచ్చింది. దివిసీమ వాళ్ళు వద్దన్నారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత సహాయం కోసం వరసలో నిలబడిన తల్లుల బిడ్డలు వాళ్ళు. చీర ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, మధ్యలో కెమెరా వాళ్ళకి బాగా తెలుసు. పండుగ నమాజుకి ముందే ఫిత్రా ఇచ్చి, లేనివాళ్ళ ఇంట కూడా పొయ్యి వెలిగేలా చూసే సంప్రదాయం ముస్లింలలో ఉండనే ఉంది. అది వాళ్ళలో వాళ్ళు చూసుకుంటారు. యజమాని చెయ్యాల్సింది వేరే ఉంది.

అదేమిటో కుట్టు కేంద్రంలో అడిగితే తెలిసింది. "విందు సంగతి తర్వాత. మార్చి కూలి పండుగకి ముందు ఇస్తారా?" అన్నారు. ఎన్జీవోల్లో పనిచేసేవాళ్ళకి మార్చి 31 అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏడు పండుగా, లెక్కల ముగింపూ ఒకేరోజు. కూలి డబ్బులు ఏప్రిల్ రెండో వారంలో ఇద్దామని మా అకౌంటెంటు అప్పటికే రాసి పెట్టుకున్నాడు. అంటే ముక్కకి ఇంత అని కుట్టే ఆడవాళ్ళు అప్పుచేసి పిల్లలకి కొత్త బట్టలు కొనాలి, తర్వాత మేమిచ్చే షీర్ ఖుర్మా తాగాలి! లెక్క 25వ తేదీకే కట్టి, 27న డబ్బులు ఇచ్చాం. దానికి అదనంగా ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు. వౌచర్లు రెండు రాత్రులు కూర్చుని రాయాల్సి వచ్చింది, అంతే.

మా కేంద్రం చిన్నది. రోల్డుగోల్డు పని ఇళ్ళలో చేసేవాళ్ళ పరిస్థితి ఇంతకన్నా కష్టం. 1965 బోనస్ చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడూ కూడా 20 మంది, ఆపైన పనిచేసే చోట, ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసిన, నిర్ణీత పరిమితి లోపు వేతనం ఉన్నవాళ్ళకి 8.33 శాతం కనీస బోనస్ ఇవ్వాలంటాయి. ఇంటి అరుగు మీద గొలుసు అల్లే మనిషి పేరు ఏ హాజరు పట్టీలోనూ ఉండదు. పండుగనాడు చెయ్యి ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళని మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. దాన్ని సాధించడంలో అహ్మదాబాదు 'సేవ' మహిళల కృషి ఉంది. మన దేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు.

ఆ శనివారం గిన్నెలు కడిగాక (అవి కూడా మగవాళ్ళే కడిగారు, ఒకటి సొట్టపడింది) మిగిలిన 160 రూపాయలు ఏం చెయ్యాలన్న మాట వచ్చింది. బస్సు ఛార్జీలకి ఉంచమంది కుట్టు కేంద్రం బాధ్యురాలు. ఆ డబ్బుతోనే మర్నాటి వారం నలుగురం నగల పని ఇచ్చే ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గరికి వెళ్ళాం. సంక్రాంతి అయినా, రంజాన్ అయినా, క్రిస్మస్ అయినా పండుగకి వారం ముందు బకాయి కూలి ఇవ్వాలని, ఆ మాట కాగితం మీద రాయాలని అడిగాం. ఒకాయన రాసిచ్చాడు. ఇంకొకాయన నోటిమాటగా సరేనన్నాడు. మూడో ఆయన, టోకు వర్తకుడు తనకే డబ్బులు ఇవ్వలేదని పుస్తకం తెరిచి చూపించాడు. ఆ వర్తకుడి చిరునామా రాసుకుని వచ్చాం.