నుదుటి రాత కాదు, గెజిట్ రాత

మా భిలాయి-3 లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఇక్కడ సర్కారీ టీచర్ ఉద్యోగం పోతే "నుదుట రాసిపెట్టింది" అంటారు. నుదుటి రాత ఎవరూ చదవలేదు. గెజిట్‌లో రాసింది మాత్రం ఎవరైనా చదవొచ్చు.

2018 జూన్ 28న ఎన్.సి.టి.ఇ. ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బి.ఎడ్. చేసినవాళ్ళు కూడా ఒకటి నుంచి అయిదు తరగతులకి పాఠాలు చెప్పొచ్చట. ఉద్యోగంలో చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలట. 2023 ఆగస్టు 11న సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. చిన్నపిల్లలకి చదువు చెప్పడానికి వేరే శిక్షణ కావాలంది. ఆ మాట సరైనదే. కంటి డాక్టర్ చేత పన్ను పీకించుకుంటామా?

కోర్టు ఇంకో మాట కూడా అంది. ఎన్.సి.టి.ఇ. సొంతంగా ఆలోచించలేదు, కేంద్రం చెప్పినట్టు చేసిందని. పురోహితుడు చెప్పాడని తల ఊపేవాడికీ, పైఅధికారి చెప్పాడని సంతకం పెట్టేవాడికీ తేడా ఏమిటి? ఇద్దరూ ఆధారం అడగలేదు.

శిక్ష పడింది మాత్రం వేరేవాళ్ళకి. ఛత్తీస్‌గఢ్‌లో సుమారు 2,900 మంది బి.ఎడ్. సహాయక టీచర్ల ఉద్యోగాలు తీసేశారు. వాళ్ళు దొంగ సర్టిఫికెట్లు పెట్టలేదు. ప్రభుత్వం చెప్పిన అర్హతతోనే పరీక్ష రాసి నెగ్గారు. రాయ్‌పూర్‌లో నెలల తరబడి ధర్నాలు చేశాక, 2025 ఏప్రిల్‌లో 2,621 మందిని సైన్స్ ల్యాబ్ పోస్టుల్లో సర్దాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది.

టీచర్లకి అర్హత పెట్టండి, పరీక్ష పెట్టండి. పిల్లల కోసం అది అవసరమే. కానీ నియమం రాసేవాళ్ళు దానికి ఆధారమేమిటో ముందే బయటపెట్టాలి. అది తప్పని తేలితే జవాబు చెప్పాల్సింది కూడా వాళ్ళే. దీన్ని కర్మ అని సరిపెట్టుకుంటే వాళ్ళకే హాయి.