నిండని పడకలు

మన పల్లెలలో ధర్మబుద్ధి గల గృహస్థుడు వైద్యమునకై విరాళ మీయదలచినపుడు మొదట తలచునది కట్టడము. ఒక వార్డు, ఒక శస్త్రచికిత్సాగారము, ఒక క్రొత్తయంత్రము. గోడమీద తండ్రిపేరో తల్లిపేరో చెక్కిన పాలరాతిపలక. ఇందు దోషము లేదు. కట్టడము లేనిదే ఆసుపత్రి లేదు. కాని ఆ కట్టడములోనికి రోగిని తెచ్చిన కారణమేమి, పదియేండ్లకు పూర్వమే ఆపదగిన జబ్బును ఎవరును ఆపకపోవుట యేల అను ప్రశ్నను మనము వేసికొనుట అరుదు. గుండెజబ్బు విషయమున ఈ ప్రశ్నను వేసికొని, నలుబదియేండ్లపాటు దానికి సమాధానము వెదకిన ఒక పల్లెసీమ ఆసుపత్రి కథను నేడు మా పాఠకుల యెదుట నుంచదలచితిమి.

అమెరికా సంయుక్తరాష్ట్రముల ఈశాన్యమున మెయిన్ అను రాష్ట్రము కలదు. అందు ఫ్రాంక్లిన్ అనునది ఒక కౌంటీ. విస్తీర్ణమున పెద్దదే గాని జనసంఖ్యలో మన మండల మొకదానికి మించదు. 1970లో అచ్చట నివసించినవారు సుమారు 22 వేలమంది. అడవులు, కొండలు, సుదీర్ఘమైన చలికాలము, దూరదూరముగ విసరివేసినట్లుండు ఊళ్లు. కలపయు, కాగితపుమిల్లును, సేద్యమును నాడు అచ్చటివారి బ్రదుకుతెరువులు. ఆదాయమున వెనుకబడిన సీమ. దాని ముఖ్యపట్టణమగు ఫార్మింగ్టనులో ఫ్రాంక్లిన్ మెమోరియల్ అను పేరుతో నడచిన ఆసుపత్రి యున్నది. మహానగరముల వైద్యశాలల ముందు అది లెక్కకు వచ్చునది కాదు. అయినను ఆ ఆసుపత్రియు, స్థానికవైద్యులును, ఊరిసంఘములును కలిసి చేసినపని 2015 జనవరిలో అమెరికను వైద్యసంఘమువారి పత్రికయందు సవిస్తరముగ ప్రకటితమైనది. వ్రాసినవారిలో ప్రథములు వైద్యుడగు బర్జెస్ రికార్డుగారు.

వారు చేసిన దేమి? రోగి వచ్చువరకు కూర్చుండక, ఆరోగ్యవంతుడనని తలచువాని యొద్దకు తామే పోయిరి. అంతే. 1974లో రక్తపుపోటుతో ఆరంభించిరి. నర్సులును, వారిచే శిక్షణపొందిన సేవకులును పోటుకొలుచు పట్టీని చేతబట్టుకొని ఊరిచావళ్లకు, చర్చిలకు, బడులకు, పని జరుగు తావులకు వెళ్లిరి. మొదటి నాలుగేండ్లలోనే వయోజనులలో సుమారు సగముమందికి పోటు కొలిచిరి. 1986 నుండి రక్తములోని కొలెస్టరాలును, ఆ పిమ్మట పొగత్రాగుటను, ఆహారవ్యాయామములను ఈ పనిలో చేర్చిరి. నలుబదియేండ్లలో వారు ప్రజలను కలిసికొన్న సందర్భములు లక్షయేబదివేలకు మించినవి.

రక్తపుపోటు చెప్పి వచ్చెడి జబ్బు కాదు. జ్వరమువలె మంచము పట్టింపదు, పుండువలె సలుపదు. ఏండ్లతరబడి మౌనముగ నాళములను చెరచి, ఒకనాడు పక్షవాతముగనో, గుండెపోటుగనో, మూత్రపిండముల వైఫల్యముగనో బయటపడును. కనుక బాధ కలిగిన తరువాతనే వైద్యుని వెదకెడి మన సామాన్యపుటలవాటు ఈ జబ్బు ముందర పనికిరాదు. ఫ్రాంక్లినువారు దీనిని బాగుగ గ్రహించిరి. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి గ్రహించిరి. కొలుచుట సులభము, కొలిచిన పిదప విడువకుండుట కష్టము. పోటు హెచ్చుగా నున్నవానిపేరు పుస్తకమున నెక్కించి, వైద్యునియొద్దకు పంపి, పోయెనా లేదా యని విచారించి, మందు వాడుచున్నాడా మానెనా యని మరల కనుగొనుట నర్సుల పని. ఈ వెంబడించుటయే ఆ కార్యక్రమమునకు ప్రాణము. మనయొద్ద ఏటికొకసారి జరుగు ఉచితవైద్యశిబిరములందు లోపించుచున్నది సరిగా నిదియే. శిబిరమునాడు పందిరి, మైకు, దండలు, ఛాయాచిత్రములు. మరునాడు ఆ వరుసలో నిలిచినవాని పేరైనను ఎవరియొద్దను లేదు.

ఇక ఫలితములు. 1975లో పోటు గలవారిలో నూటికి 18 మందికి మాత్రమే అది అదుపులో నుండగా, 1978 నాటికి 43 మందికి అదుపులోనికి వచ్చినది. అధిక కొలెస్టరాలు అదుపులోనున్నవారు 1986లో నూటికి ఒకరైనను లేరు. 2010 నాటికి ఇంచుమించు 29 మంది. పొగత్రాగుట మానినవారి పాలు 1996 మొదలు 2000 లోపల 48 నుండి 69కి పెరిగినది. 1994 మొదలు 2006 వరకు తీసిన లెక్కలనుబట్టి, ఆ ప్రజల ఆదాయస్థితికి అనుగుణముగ ఎంతమంది ఆసుపత్రిలో చేరవలసియుండునో అంతకంటె వేయిమందికి 17 చేరికలు తక్కువ. అందువలన ఆసుపత్రి బిల్లులలో తగ్గినది ఏటికి 54 లక్షల డాలర్లు. బీదరికమునుబట్టి ఊహింపదగిన మరణములకంటె మరణములు తక్కువగ నుండుట రెండు కాలఖండములందును, అనగా 1970 మొదలు 1989 వరకును, 1990 మొదలు 2010 వరకును, ఆ రాష్ట్రమున ఈ యొక్క కౌంటీయందే కనబడినది.

ఈ లెక్కలను చూచి మైమరచుటయు తగదు. ఒక సీమకు మందిచ్చి మరియొక సీమకు ఈయక పోల్చిచూచిన పరీక్ష కాదిది; జరిగినదానిని వెనుదిరిగి చూచిన పరిశీలనము. మేలంతయు ఈ కార్యక్రమమువలననే కలిగినదని చెప్పుటకు వీలులేదని శాస్త్రమర్యాద తెలిసినవా రొప్పుకొనక తప్పదు. నూటికి 43 అనగా తక్కిన 57 మందికి పోటు అదుపులోనికి రాలేదనియు మరువరాదు. పొగ మాన్పించుటలో ఫ్రాంక్లినుకు కలిగిన ఆధిక్యము పిమ్మట మాసిపోయినది. అయితే అది ఫ్రాంక్లిను వెనుకబడుటవలన గాదు, తక్కిన రాష్ట్రమంతయు ముందునకు వచ్చి దానిని అందుకొనుటవలన. ఇట్టి ఓటమి ఎవరికైనను కోరదగినదే గదా.

మేము పాఠకులను ఆగి ఆలోచింపుడని కోరునది వేరొక అంశమును గూర్చి. ఆదా యైన ఆ 54 లక్షల డాలర్లు ఎవరికి చేరును? రోగుల కుటుంబములకు కొంత, బిల్లు చెల్లించెడి బీమాసంస్థలకును ప్రభుత్వమునకును అధికభాగము. ఆసుపత్రి లెక్కపుస్తకములో మాత్రము అది రాని రాబడి. పడకలు నిండినచో బ్రదుకు, నిండనిచో నష్టమను పద్ధతిపై వైద్యశాలలు నడచుచున్నంతకాలము, జనులను జబ్బుపడకుండ కాపాడెడి ఆసుపత్రి తన కూటిలో తానే మన్ను పోసికొనుచున్నట్లగును. ఫ్రాంక్లిను ఆసుపత్రి అట్టి పనికి పూనుకొనుట దాని ఔదార్యము. కాని లోకమంతయు ఔదార్యముపై నడవదు. నివారణకు కూలి యిచ్చు ఏర్పాటు లేక నివారణ సాగదు. ఈ సత్యము అమెరికాకెంతయో మనకును అంతియే.

మనకేమి సంబంధమని అడుగువారుందురు. గుండెజబ్బు తిని కూర్చుండువారి జబ్బనియు, నగరవాసుల జబ్బనియు, మట్టి పిసుకువానికి రాదనియు మనలో నింకను ఒక నమ్మకము కలదు. ఆ నమ్మకమును మన గోదావరి సీమయే ఖండించినది. ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు, లక్షయెనుబదివేల జనములో, 2003–04 ప్రాంతమున పండ్రెండు నెలలపాటు సంభవించిన ప్రతి మరణమును గూర్చియు గ్రామారోగ్యకార్యకర్తలు ఇండ్లకు పోయి విచారించిరి. ఆ ఫలితము 2006లో ప్రకటితమైనది. 1,354 మరణములలో నూటికి 32 గుండెకును రక్తనాళములకును సంబంధించిన జబ్బులవలన కలిగినవే. అంటురోగములవలన మరణించినవారు నూటికి 12 మంది మాత్రమే. కాలువనీటితో పచ్చబడిన వరిచేల నడుమ, కలరామశూచికములను దాటివచ్చిన పల్లెలను, ఇంకొక మృత్యువు చప్పుడు లేకుండ చుట్టుకొన్నదన్నమాట.

దేశమంతటను స్థితి ఇట్లేయున్నది. 2019–21 జాతీయకుటుంబారోగ్య సర్వేనుబట్టి పురుషులలో నూటికి 24, స్త్రీలలో 21 మందికి రక్తపుపోటు హెచ్చు. రెండువేలమంది వయోజనులు గల ఊరిని తీసికొందము. అందు నాలుగువందలకు పైబడినవారు ఈ జబ్బు గలవారని లెక్క. వారెవ్వరో ఆ ఊరిపెద్దలకు తెలియదు. వారిలో పలువురకు తమసంగతి తమకే తెలియదు.

ప్రభుత్వము లేమియు చేయలేదనుట న్యాయము కాదు. 2007లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేదవాని గుండెకు శస్త్రచికిత్స చేయించినది. అదివరకు ఆస్తిపాస్తు లమ్ముకొన్నను దొరకని చికిత్స అది. దానివలన బ్రదికిన కుటుంబములు ఆ మేలును మరువవు. కాని గుండెను కోసి బాగుచేయుటకు లక్షలు చెల్లింప సిద్ధపడు సమాజము, కోత యవసరము లేకుండ చేయు మాత్రకును, దానిని వాడించు మనిషికిని రూపాయి లెక్కించుట విపరీతము. ఇది గట్టు తెగిన తరువాత మడవకు మన్ను మోయు సేద్యమువంటిది. రెండవమార్గమును చూపిన ప్రయత్నములును లేకపోలేదు. 2017లో ఆరంభించిన భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమమును మొదట చేపట్టిన రాష్ట్రములలో తెలంగాణ యొకటి. అందరు వైద్యులకు ఒకే చికిత్సాక్రమము, ఎడతెగక దొరకు కొలదిరకముల మందులు, ప్రతిరోగికి ఒక పద్దు, ఊరికి చేరువనే మరల కొలుచు ఏర్పాటు: ఇవి దాని మూలసూత్రములు. ఫ్రాంక్లిను నర్సులు 1974లో చేపట్టిన పనియు స్వభావమున ఇదియే.

అమెరికా ధనికదేశము, వారికి చెల్లినది మనకు చెల్లదని మరికొంద రందురు. మేము దీని నంగీకరింపము. ఫ్రాంక్లినులో పనిచేసినది ధనము కాదు. పోటుకొలుచు పట్టీ, పేర్ల పుస్తకము, మరల మరల తలుపు తట్టు స్త్రీ: పనిచేసినవి యీ మూడు. ఇవి మనకును కలవు. ఊరూర ఆశాకార్యకర్త యున్నది, ఏ.ఎన్.ఎం. యున్నది. కాని పుట్టుకలు, టీకాలు, సర్వేలు మొదలు చెప్పినపనియెల్ల వారి నెత్తిననే వేయుచు, ఈ పనిని అదనముగ చేర్చి, ప్రతిఫలమును మాత్రము చేర్చకున్నచో పుస్తకము నిండును, పోటు తగ్గదు. పని పెంచినవారు కూలియు పెంచవలెను. మాత్రలు ఉపకేంద్రమున నెలయంతయు నుండవలెను. ఒకనెల యుండి ఒకనెల లేని మందు వైద్యమనిపించుకొనదు.

ఇక మా పాఠకులలోని భూస్వాములకును, పట్టణపు పెద్దలకును ఒకటి విన్నవించుచున్నాము. మీ యూరి ఆసుపత్రికి మీరీయదలచిన విరాళములో ఒకపాలు గోడకు గాక మనిషికి ఇండు. ఒక నర్సుజీతము మూడేండ్లకు; రెండు మంచి పోటుయంత్రములు; చేయూతనిచ్చు ఇద్దరు చదువుకొన్న యువకులు. మీ పొలమున పనిచేయు కూలీలను, మీ మిల్లులోని హమాలీలను, మీ యింటి వంటమనిషిని మొదట కొలిపింపుడు. వారికంటె ముందు మీరు కొలిపించుకొనుడు. పెద్దరైతు చొక్కాచేయి పైకి మడచి అరుగుమీద కూర్చుండినచో ఊరు సిగ్గుపడక వెంటవచ్చును.

ఆహారవిషయమున చెప్పవలసిన చేదుమాటయు నొకటి కలదు. దినమునకు మనిషికి ఐదుగ్రాముల ఉప్పు, అనగా ఒక చిన్నచెంచాకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ మాట. ఆవకాయజాడీ, అప్పడము, వడియము, ఉప్పుచేప, వీనిని విడిచి ఆంధ్రుడు బ్రదుకజాలడని మేమును ఎరుగుదుము. విడువుమని మేమనుట లేదు. విస్తరిలో రెండవమారు వడ్డించుకొనకుండిన చాలును. పొగాకు సంగతి యింతకంటె కఠినము. మా పాఠకులలో దానిని పండించి బిడ్డలను చదివించినవారు కలరు. పండించువాడు దోషి యని మేమనము. అయినను చుట్టకాల్చు కూలివాడు నలుబదియైదవ యేట గుండె పట్టుకొని గట్టుమీద కూలినపుడు ఆ నష్టము అతని యింటిదే గాక మీ సేద్యమునకును నష్టమే. పంట మార్చు దారి ప్రభుత్వము చూపవలెను. పని చోట చుట్ట మాన్పించు దారి మీ చేతనే యున్నది.

ఆసుపత్రి గొప్పతనమును పడకల సంఖ్యతో కొలుచుట మనకు పరిపాటి. నూరుపడకల ఆసుపత్రి, ఐదువందల పడకల ఆసుపత్రి యని చెప్పుకొందుము. ఆ కొలమానమును మార్చుకొనవలసిన కాలము వచ్చినది. ఈ ఏడు మా ఊర పోటు గలవా రింతమంది, వారిలో అదుపునకు వచ్చినవా రింతమంది, నిరుటికంటె పక్షవాతముతో వచ్చినవా రింత తక్కువ యని ఏ పల్లె ఆసుపత్రి యైనను తన వాకిట పలకపై వ్రాసి నిలుపగలిగిననాడు, ఆ పలక ముందర పాలరాతిపేర్లు వెలవెలబోవును. అట్టి పలక మన జిల్లాలలో ఏ యూర మొదట వెలయునో చూచుటకు మేము నిరీక్షించుచున్నాము.