కోత పెట్టినవారికే కాన్పు దాకా బాధ్యత

బరువు తగ్గించే ఆపరేషన్‌తో ఓ మహిళ ఎన్ని కిలోలు దిగిందో ‘అప్పుడు–ఇప్పుడు’ ఫొటోలతో హోర్డింగు కట్టే ఆస్పత్రికి, అదే మహిళ గర్భిణి అయ్యాక ఎన్ని కిలోలు పెరగాలో చెప్పే తీరిక ఉండటం లేదు. అది గైనిక్ వాళ్ల పని అంటుంది. గైనిక్ డాక్టరేమో మీ సర్జన్‌నే అడగండి అంటారు. ఇద్దరి మధ్యా ఆమె నెలనెలా తూకం ఎక్కి దిగుతుంది. దీన్ని నిర్లక్ష్యమనే అనాలి. ఇందులో మొదటి ముద్దాయి కోత పెట్టిన ఆస్పత్రే.

ఈ శస్త్రచికిత్స అవసరాన్ని మేం కాదనడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మహిళలు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. పీసీఓడీతో నెలసరి తప్పి, పిల్లల కోసం ఏళ్లకేళ్లు తిరిగినవారిలో కొందరికి ఈ కోతే దారి చూపింది. బరువు దిగేకొద్దీ నెలసరి గాడిన పడుతుంది. ఎన్నాళ్లుగానో నిలవని గర్భం ఆర్నెల్లకే నిలవొచ్చు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 24 నెలలు ఆగాలన్నది అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెప్పిన మాట. ఆ కాలంలో ఒళ్లు తన నిల్వల్నే కరిగించుకుంటూ ఉంటుంది, కడుపులో బిడ్డకు పంచేందుకు మిగిలేది తక్కువ. పైగా ఈ ఆపరేషన్లలో ఒక రకమైన గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు, కాపర్-టీ లాంటిది నయం. డిశ్చార్జి రోజున ప్రొటీన్ పౌడరు గురించి అంతసేపు చెప్పేవారికి ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాదా?

ఇక కిలోల లెక్క. ఆపరేషన్ అయిన గర్భిణులకంటూ వేరే పట్టిక లేదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన కొలతలనే వైద్యులు వాడుతున్నారు. గర్భానికి ముందు బీఎంఐ 30, ఆపైన ఉంటే 5 నుంచి 9 కిలోలు, 25కూ 30కీ మధ్య ఉంటే 7 నుంచి 11.5, మామూలు బరువైతే 11.5 నుంచి 16 కిలోలు పెరగాలి. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళ 110 కిలోల నుంచి 72కు దిగి గర్భం దాల్చిందనుకుందాం. ఆమె లెక్క 72 దగ్గరే మొదలు కావాలి. 7 కిలోలకు తక్కువ కాకుండా పెరగాలి. పాత ఫైలు తిరగేసి ‘మీరు పెరగకపోయినా ఫర్వాలేదులెండి’ అనే డాక్టరు తప్పు చేస్తున్నట్టే. పెరిగే ఆ కిలోల్లో బిడ్డ ఉంది, మాయ ఉంది, ఉమ్మనీరు ఉంది, తల్లి ఒంట్లో కొత్తగా పట్టే రక్తం ఉంది. కానీ లక్షలు పోసి, నోరు కట్టుకుని దించుకున్న మనిషికి ముల్లు కదిలినప్పుడల్లా పాత ఒళ్లే కళ్ల ముందు మెదులుతుంది. రెండు చెంచాల ఉప్మాతో రాత్రి గడిపేసి, బరువు నిలకడగా ఉందని ఊపిరి పీల్చుకుంటుంది. ఆ భయాన్ని పోగొట్టాల్సినవాళ్లే ఆమె నిగ్రహాన్ని మెచ్చుకుంటే అంతకన్నా అన్యాయం లేదు.

2015లో వెలువడిన ఓ స్వీడన్ అధ్యయనం ఆపరేషన్ తర్వాత నిలిచిన 596 గర్భాలను, ఆపరేషన్‌కు ముందు వారెంత లావున్నారో అంతే లావుండి ఆపరేషన్ చేయించుకోని మహిళల గర్భాలతో పోల్చింది. గర్భకాల మధుమేహం రెండో వర్గంలో 6.8 శాతం, ఆపరేషన్ అయినవారిలో 1.9. మరీ పెద్ద బిడ్డలు 22.4 శాతానికి బదులు 8.6. ప్రచారానికి పనికొచ్చే సగం ఇది. నెలలకు తగ్గ ఎదుగుదల లేకుండా పుట్టిన బిడ్డలు మాత్రం 7.6కు బదులు 15.6 శాతం, అంటే రెట్టింపు. ఈ రెండో సగం ఏ కరపత్రంలో అచ్చేస్తున్నారో చూపించమనండి!

ప్రసూతి వార్డులో జరిగేది ఇంకా ఘోరం. మన దగ్గర గర్భిణికి 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం తీస్తారు. జాతీయ మార్గదర్శకాలు చెప్పిందే అది, అందరికీ మంచిదే. బైపాస్ అయినామెకు మాత్రం ఆ తీపి నీళ్లు ఒక్క ఉదుటున పేగులోకి దిగి చెమటలు, గుండెదడ తెప్పించొచ్చు, కాసేపటికి షుగర్ పడిపోయి బెంచీ మీదే కళ్లు తిరగొచ్చు. తీరాచేసి ఆ రిపోర్టునూ నమ్మలేం. 24–28 వారాల మధ్య ఓ వారంపాటు ఇంట్లోనే గ్లూకోమీటరుతో చూసుకోమనాలి. వేవిళ్లు ముదిరి వాంతులతో వస్తే ముందు చేతికందేది గ్లూకోజు సీసా. పొట్ట కుదించుకున్నవారికి వాంతులు ఆగకపోతే బి1 విటమిన్ అడుగంటుతుంది, అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు. ఇక ఏడో నెల దాటాక పుట్టింటికి తీసుకెళ్తారు. ఊరు మారుతుంది, డాక్టరు మారతారు, ఫైలు హైదరాబాద్‌లో ఉండిపోతుంది. కడుపునొప్పి వస్తే దొంగనొప్పులనో గ్యాస్ అనో మాత్రిచ్చి పంపేస్తారు. బైపాస్ తర్వాత, పెరుగుతున్న గర్భసంచి నెట్టుడుకు పేగు లోపలి సందులో ఇరుక్కోవచ్చనీ, గంటల్లో కోయాల్సి రావచ్చనీ ఆ డాక్టరుకు ఎవరు చెప్పాలి? పొట్ట మీద ఉన్నవి మాసిపోయిన నాలుగైదు చిన్న గాట్లే.

ఆమే చెప్పొచ్చుగా అనేవారుంటారు. పెళ్లికి ముందు చేయించుకున్న ఆపరేషన్‌ను అత్తింట దాచిపెట్టే కుటుంబాలున్నాయి. పెళ్లిచూపుల్లో పిల్లను తూకం వేసే లోకమే ఆ దాపరికాన్ని నేర్పింది, ఆమెను తప్పుపట్టలేం. ‘ఇద్దరి తిండి తినాలమ్మా’ అంటూ సీమంతం లడ్డూలు కుక్కే పెద్దవాళ్లకూ ఓ మాట. ఆ పొట్టలో పట్టేది గుప్పెడు. అందులో గుడ్డు, పప్పు, పెరుగు పడాలి.

బీఎంఐ ఎంతుంటే కోతకు బీమా వర్తిస్తుందో బీమా నియంత్రణ సంస్థ 2019లోనే అంకెలతో సహా రాసింది. ఆ నిబంధనలో కోత తర్వాతి గర్భం ఊసే లేదు. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలు రక్తహీనులేనని పైన చెప్పిన సర్వేనే తేల్చింది. అలాంటి చోట ఇనుము, బి12, ఫోలేట్, డి విటమిన్, కాల్షియం పరీక్షలను మూడు నెలలకోసారి చేయించుకొమ్మని సలహా ఇచ్చి వదిలేస్తే చాలదు. పిల్లల్ని కనే వయసు మహిళకు ఈ ఆపరేషన్ చేసే ప్రతి ఆస్పత్రీ కాన్పు దాకా ఈ పరీక్షలు ఆపరేషన్ ప్యాకేజీ ఖర్చులోనే చేయాలి. ఏ రకం కోత, ఏ తేదీన, ఏం చేయకూడదన్నది తెలుగులో రాసి ఆమె చేతిలో పెట్టాలి. ఆ వివరాన్ని తల్లీబిడ్డల రక్షణ కార్డు మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో రాసేలా ఏఎన్ఎంలకు రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వులివ్వాలి. ఆస్పత్రి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వచ్చినప్పుడు ఆపరేషన్ల సంఖ్యతోపాటు ఆ తర్వాత గర్భిణులైనవారి రికార్డూ అడగాలి. చూపలేని ఆస్పత్రికి ఈ శస్త్రచికిత్సలు చేసే అనుమతిని అక్కడికక్కడే నిలిపివేయాలి.