మేయరు పీఠము

కరీంనగరము 2005లో మునిసిపల్ కార్పొరేషను అయ్యెను. 2020 జనవరిలో దాని 60 డివిజనులకు ఎన్నికలు జరిగెను. 2025 జనవరిలో ఆ సభకు గడువు తీరగా నగరము ప్రత్యేకాధికారి పాలనలోనికి పోయెను. మంచినీటిని గూర్చి, మురుగుకాలువను గూర్చి అధికారులను బహిరంగముగా నిలదీయు వేదిక లేకపోవుట యెట్టిదో పౌరులకు అపుడు తెలిసివచ్చెను. అయితే సభ యుండియు అందు ప్రశ్నకు తావు లేనిచో ఆ రెండు స్థితులకును భేదమేమి? ఆ తావు కల్పించుటయే మేయరు ప్రథమ ధర్మమని మా అభిప్రాయము.

మేయరును ఓటరులు నేరుగా ఎన్నుకొనరు. సభ్యులు చేతులెత్తి ఎన్నుకొందురు. కావున అధికసంఖ్యగల పక్షమువారే సాధారణముగా మేయరు లగుదురు. ఇందు తప్పు లేదు. కాని పీఠమెక్కినది మొదలు దిగువఱకు మేయరు సభకంతకును పెద్ద. ఒక్క పక్షమునకు కాదు.

1925లో కేంద్ర శాసనసభకు ఎన్నికైన తొలి భారతీయాధ్యక్షుడు విఠల్‌భాయి పటేలు పీఠమెక్కగానే స్వరాజ్యపక్షముతో సంబంధము వదలుకొనెను. 1928లో ప్రజారక్షణ బిల్లుపై ఓట్లు సమానముగా చీలగా తన నిర్ణాయకపు ఓటును బిల్లునకు ప్రతికూలముగా నిచ్చెను. పరప్రభుత్వమే కొలువున్న దినములలో పీఠగౌరవము నిలిపిన ఆ మహనీయుని మార్గము మన నగరసభలకు అలవిగానిదా?

శాసనసభాధ్యక్షునకు పాలనాభారము లేదు, మేయరునకు గలదు గదా యని కొంద ఱందురు. నిజమే. అందుచేతనే జాగ్రత్త హెచ్చుగా నుండవలెను. తన చర్యయే చర్చకు వచ్చినపుడు మేయరు పీఠమును డిప్యూటీ మేయరున కప్పగించి, క్రింద కూర్చుండి సమాధానము చెప్పుట మర్యాద. కార్యక్రమపట్టిక సభ్యులకు ముందుగా చేరవలెను. ప్రతి అంశమును విడివిడిగా చదివి చర్చింపవలెను. కేకల నడుమ పదులకొలది తీర్మానములను ఒక్కమాటతో అంగీకృతములని ప్రకటించుట సభానిర్వహణము కాదు. అసమ్మతి తెలిపిన సభ్యుని మాట మినిట్సు పుస్తకమున కెక్కవలెను. సభ్యుని వెలికి పంపుట కడపటి ఉపాయము కావలెనే గాని మొదటిది కారాదు.

ఆదిలాబాదువంటి పురపాలక సంఘములలో అధ్యక్షస్థానమున నుండు చైర్‌పర్సనుకును ఈ ధర్మమే వర్తించును. ప్రతిపక్షసభ్యుని వెనుకను ఒక వార్డు ప్రజ గలదు. వారును పన్ను చెల్లించువారే. ఆ సభ్యుని నోరు మూయించిన మేయరు ఆ వార్డునంతటిని సభనుండి వెడలగొట్టినట్లే.