ఎయిర్‌బ్యాగ్ ఎవరి కొలతకు కుట్టారు?

కారు కొనేటప్పుడు మన ఇళ్లల్లో ఆడవాళ్లను అడిగేది రంగు గురించే. మిగతావన్నీ మగవాళ్లు చూసుకుంటారు. మైలేజీ ఎంత, వాయిదా ఎంత, ఎయిర్‌బ్యాగులు ఎన్ని? ఈ చివరి ప్రశ్న మాత్రం మనం అడగాల్సిందే అంటాను నేను. ఎందుకంటే ఆ సంచీ తెరుచుకున్నప్పుడు ఎక్కువ దెబ్బ తినే అవకాశం ఉన్నది పొట్టిగా ఉండే ఆడవాళ్లు, వాళ్ల ఒళ్లో కూర్చునే పిల్లలు. దెబ్బ తగిలాక నష్టపరిహారం లెక్క కట్టే చోట కూడా మొన్నమొన్నటిదాకా మన విలువ తక్కువే. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

ఎయిర్‌బ్యాగ్ ప్రాణం కాపాడుతుంది. అందులో సందేహం అక్కర్లేదు. కాకపోతే అది దూదిదిండు కాదు. గుద్దుకున్న మరుక్షణం, రెప్పపాటు కూడా గడవకముందే, గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగంతో పొంగి బయటికొస్తుంది. దానికి దూరంగా, బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషిని ఆదుకుంటుంది. దానికి ఆనుకుని కూర్చున్న మనిషిని మాత్రం కొడుతుంది. మొహం కమిలిపోవడం, కంటికి దెబ్బ, ముంజేతి ఎముక విరగడం, పక్కటెముకలు చిట్లడం, ఇవన్నీ వైద్యులకు తెలిసిన గాయాలే. స్టీరింగ్ మీద కనిపించే ఎస్.ఆర్.ఎస్. అనే మూడక్షరాల అర్థం కూడా ఇది తోడు రక్షణ మాత్రమేనని. అసలు రక్షణ సీటు బెల్టు. బెల్టు లేకుండా బ్యాగును నమ్ముకోవడం ప్రమాదం.

అమెరికా నేర్చుకున్న పాఠం

అమెరికాలో 1998 మోడల్ నుంచి అన్ని కొత్త కార్లకూ ముందు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేశారు. అంతకు ముందు వాటిని పరీక్షించింది సగటు మగవాడి కొలతలున్న బొమ్మతో, అదీ బెల్టు పెట్టుకోని బొమ్మతో. బెల్టు లేని అంత బరువును ఆపాలంటే బ్యాగు మహా బలంగా పొంగాలి. ఆ బలం పొట్టి ఆడవాళ్లకూ, పసిపిల్లలకూ ప్రాణాంతకమైంది. 1990 నుంచి 2008 దాకా, తక్కువ వేగంలో జరిగిన ప్రమాదాల్లో ఎయిర్‌బ్యాగు దెబ్బకే చనిపోయినవాళ్లు అక్కడ 290 మందికి పైగా ఉన్నారు. ఆ మరణాల్లో చాలా భాగం 1998కి ముందు తయారైన కార్లలోనే. గొడవయ్యాక 1997లో బ్యాగుల బలం తగ్గించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 2000లో వచ్చిన కొత్త నిబంధనల్లో పొట్టి ఆడమనిషి బొమ్మతో, పిల్లల బొమ్మలతో కూడా పరీక్షించాలన్నారు. మన శరీరం కూడా శరీరమేనని ఇంజనీర్లకు గుర్తు రావడానికి అన్ని చావులు కావలసి వచ్చాయి!

ఇక తకాటా కథ వేరు. జపాన్‌కు చెందిన ఈ కంపెనీ ఎయిర్‌బ్యాగులను పొంగించడానికి అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడి, గాలిలో తేమ తగిలితే అది పాడై, బ్యాగుతో పాటు లోహపు డబ్బా కూడా పేలి ముక్కలు మనిషికి గుచ్చుకునేవి. అమెరికాలోనే పాతిక మందికి పైగా చనిపోయారు. సుమారు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. 2017 జనవరిలో కంపెనీ నేరం ఒప్పుకుంది. కట్టాల్సిన 100 కోట్ల డాలర్లలో 12.5 కోట్లు బాధితులకని విడిగా పెట్టారు. అదే ఏడాది దివాలా తీసింది. మన దేశంలోనూ హోండా వంటి కంపెనీలు 2015 నుంచి విడతలవారీగా కార్లను పిలిచి ఆ భాగాలు మార్చాయి. వేడీ తేమా అంటే మన కోస్తా జిల్లాలకు వేరే చెప్పాలా? పాత కారు కొన్నవాళ్లు ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులోనో, షోరూములోనో ఒక్కసారి విచారించండి. అమెరికాలో చదువుకునే మన పిల్లలు సెకండ్‌హ్యాండ్ కార్లే కొంటుంటారు. మొదటి యజమాని పట్టించుకోకుండా వదిలేసిన మరమ్మతు ఏదైనా మిగిలి ఉందేమో, అక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో కారు 17 అక్షరాల నంబరు కొట్టి చూసుకోమనండి.

మన దగ్గర ఏం జరుగుతోంది?

మనకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యింది ఆలస్యంగా. 2019 జులై నుంచి కొత్త కార్లలో డ్రైవరుకు, 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లలో పక్క సీటుకు. చట్టమైతే వచ్చింది గానీ దాంతో ఎలా మెలగాలో ఎవరూ చెప్పలేదు. 2024 సెప్టెంబరులో కేరళలోని మలప్పురం జిల్లాలో ముందు సీట్లో తల్లి ఒళ్లో ఉన్న రెండేళ్ల పాప, ఎయిర్‌బ్యాగు మొహానికి అదుముకుని చనిపోయింది. అదే డిసెంబరులో నవీ ముంబయిలో ముందు సీట్లోని ఆరేళ్ల బాబు ఇలాగే పోయాడు. పాపాయిని ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చోవడం మనకు ప్రేమగానే అనిపిస్తుంది. ఆ స్థానంలో పాప శరీరం మనకూ బ్యాగుకూ మధ్య నలిగిపోతుంది. పిల్లల చోటు వెనక సీటే, అదీ వాళ్ల సీటులో, బెల్టుతో.

నాది అయిదడుగులకు తక్కువ ఎత్తు. డ్రైవింగు నేర్పిన కుర్రాడు "ముందుకు జరగండి మేడమ్, క్లచ్ అందాలి కదా" అంటూ స్టీరింగుకు ఆనించేశాడు. రొమ్ముఎముకకూ స్టీరింగుకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడు పైన, ఉండాలి. సీటు ఎత్తు పెంచి, వెనక్కి జరిపి, స్టీరింగు కిందికి దించుకుంటే చాలావరకు సాధ్యమే. పక్క సీట్లో కూర్చున్నప్పుడు ఒళ్లో ప్రసాదం డబ్బా, డాష్‌బోర్డు మీద అతికించిన దేవుడి బొమ్మ, ఇవన్నీ బ్యాగు పొంగితే రాళ్లలా వచ్చి తగిలేవే. ముందు బంపరుకు బిగించే ఇనుప కమ్మీ సెన్సరును తప్పుదారి పట్టించగలదు. 2017 డిసెంబరులోనే కేంద్రం దాన్ని నిషేధించింది.

దెబ్బ తగిలాక దారి ఏది?

రెండు దారులున్నాయి. వీటిని కలిపేసుకోకూడదు.

తప్పు ఎదుటి బండిదో, మన డ్రైవరుదో అయితే మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఎయిర్‌బ్యాగు వల్ల తగిలిన గాయమైనా అది ప్రమాదంలో తగిలిన గాయమే. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరుంటున్న ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. దాని మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి గానీ వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. మరొక మాట. భర్త నడుపుతుండగా భార్యకు దెబ్బ తగిలితే, కారుకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. ప్యాకేజీ పాలసీ అయితే కారులోని వాళ్లకూ వర్తిస్తుంది. పాలసీ కాగితం ఒకసారి మీరే తీసి చదవండి.

బ్యాగు తెరుచుకోవలసినప్పుడు తెరుచుకోకపోయినా, ఊరికే పేలినా, అది తయారీ లోపం కావచ్చు. అప్పుడు వినియోగదారుల కమిషన్. 2019 చట్టంలో ఉత్పత్తిదారు బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది. డిజైన్ లోపానికీ, సరైన హెచ్చరిక ఇవ్వకపోవడానికీ కూడా కంపెనీని అడగొచ్చు. కారు భర్త పేరున ఉన్నా, ఆయన అనుమతితో వాడే భార్య కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. గడువు రెండేళ్లు. 2017 నవంబరులో ఢిల్లీ-పానిపట్ రోడ్డు మీద ఓ క్రెటా కారు ప్రమాదంలో బ్యాగులు తెరుచుకోలేదు. ఆ కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వినియోగదారుడి పక్షానే నిలిచింది. గుద్దిన వేగం ఎంత, బలం ఎంత అనే భౌతికశాస్త్రం లెక్కలు కొనుక్కున్నవాడికి తెలియాలని ఆశించలేమంది. 3 లక్షల పరిహారం, కారు మార్పిడి ఖాయమయ్యాయి. అయితే సొంతంగా మార్పులు చేయించి ఉంటే కంపెనీ దాన్నే సాకుగా చూపిస్తుంది, గుర్తుంచుకోండి.

ఇంటిపనికి వెల ఎంత?

"ఏం ఉద్యోగం?" "హౌస్‌వైఫ్." అక్కడితో పరిహారం సగం కరిగిపోయేది. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు 3 వేలు లెక్కగట్టింది. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో, గృహిణులను జనాభా లెక్కల్లో బిచ్చగాళ్లతో, ఖైదీలతో ఒకే వరసన చేర్చడాన్ని తప్పుపట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ, జాతీయ సర్వే లెక్కలు ముందుపెట్టారు. ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 97 నిమిషాలు. 2024 ఫిబ్రవరిలో మరో తీర్పు, గృహిణి ఆదాయాన్ని దినకూలీ కనీస వేతనం కన్నా తక్కువగా లెక్కించడం కుదరదంది.

ఈ తీర్పులు కాగితం మీద ఉంటే చాలదు. ముంజేయి విరిగి ఆరు నెలలు అంట్లు తోమలేకపోతే, పనిమనిషికి ఇచ్చిన జీతం రసీదులతో సహా చూపించాలి. కుట్టుపనో, ట్యూషన్లో చేస్తుంటే అదీ చెప్పాలి. "నేనేం చేస్తున్నాను, ఇంట్లోనే కదా" అని మనమే అంటే, ఎదుటి లాయరు పని సులువైపోతుంది.

ప్రమాదం జరిగితే కారు కదిలించకముందే సీటూ, బ్యాగూ, స్టీరింగూ కనిపించేలా ఫొటోలు తీయించండి. ఆస్పత్రిలో మెడికో-లీగల్ కేసుగా రాయించండి. పగిలిన భాగాలు గ్యారేజీవాడికి వదిలేయకండి. బీమావాళ్లిచ్చే "పూర్తి పరిష్కారం" కాగితం మీద చదవకుండా సంతకం వద్దు. లాయరుకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. అడగడానికి మొహమాటమెందుకు?